తాడు పట్టినవాడి ఊపిరి

వంశధార ఒడ్డున ఆటో దిగేసరికి పదకొండుంబావు. జూన్ ఆఖరి వారం. శ్రీముఖలింగానికి దిగువన నాలుగు కిలోమీటర్లు. నా సామాను ఒక ట్రంకు పెట్టె, ఒక బెడ్డింగు, ఒక ఈల, ఒక చేతి వాచీ. ఎండ మాడు పగలగొడుతోంది. నదిలో ఎటు చూసినా ఇసుక మేటలే. వరద దళం అని పిలిపించారు గానీ ఇక్కడ కాకి మునగడానికైనా నీళ్ళు లేవే అనుకున్నాను.

అలా అనుకున్నవాడికి నీళ్ళ సంగతి ఏం తెలుసో మీరే చెప్పండి. మాది గజపతినగరం దగ్గర మెట్ట ఊరు. చోళ్ళనే రాగులు, నువ్వులు, వానొస్తే వరి. మొలలోతు దాటి నీళ్ళలోకి దిగినవాణ్ణి కాదు. పదిహేడేళ్ళు సైన్యంలో చేసి హవల్దారుగా దిగిపోయాను. చివరి ఆరేళ్ళు కసరత్తు నేర్పే ఉద్యోగం. మంచు కొండల మీద కాపలా ఉన్నప్పుడు మాకో ఉస్తాద్ ఉండేవాడు. పద్దెనిమిది వేల అడుగుల ఎత్తులో, గుడారంలో నిద్రపట్టక చచ్చిపోతున్న మమ్మల్ని ఊపిరితోనే నిలబెట్టాడు. ఆ విద్యే నేనూ నేర్చుకున్నాను. పెన్షన్ తీసుకున్నాక ఆ విద్య కోసమే నన్నిక్కడికి కాంట్రాక్టు మీద రప్పించారు.

దళం ఒక పాత హాస్టల్ భవనంలో ఉండేది. రెండు రబ్బరు పడవలు, ఒక ఇంజిను, నైలాన్ తాళ్ళు, లైఫ్ జాకెట్లు, నూతిలో బకెట్లు తీసే పాతాళగరిగెలు నాలుగు. గాలి సిలిండర్ల సెట్టు ఒకటుండేదట. రిపేరుకి వెళ్ళి రాలేదు.

ఆఫీసరు నన్ను కూర్చోబెట్టి ఆర్డరు చెప్పాడు.

"రోజూ ఐదున్నర నుంచి ఆరున్నర. యోగా, ప్రాణాయామం. నాలుగు నెలలు. అక్టోబరు చివర్న నాకు రిపోర్టు ఇవ్వాలి."

"రిపోర్టులో ఏం రాయాలి సార్?"

"ఎంతమంది నిద్రపోతున్నారో రాయండి. నిరుడు పద్నాలుగు మంది ఉండేవారు. ఇప్పుడు పదకొండు. ఆ ముగ్గురూ నీళ్ళలో పోలేదు. ఇంటికి పోయారు. ఉన్నవాళ్ళలో ఎవరు ఎప్పుడు పోతారో నాకు తెలీదు."

మర్నాడు ఐదున్నరకి ఈల ఊదాను. పదకొండు మందీ వచ్చి చాపల మీద కూర్చున్నారు. కళ్ళు చింతనిప్పులు. ఎవడూ పడుకుని లేచినట్టు లేడు. వైర్‌లెస్ మనిషి మాటిమాటికీ నడుము తడుముకుంటున్నాడు, అక్కడ సెట్టు లేకపోయినా. పడవ నడిపేవాడు యాభై ఎనిమిదేళ్ళ మనిషి. కళింగపట్నం వైపు సముద్రం మీద బతికిన కుటుంబం. అందరూ అతన్ని మావ అనేవారు, నేనూ అలాగే పిలిచాను. నోట్లో ఆరిన చుట్ట పెట్టుకునే శవాసనం వేశాడు.

"మావా, అది తీసెయ్."

"ఎలిగించనేదు కదా బావూ. ఉంచుకుంటే తప్పేటి?"

అందరూ నవ్వారు, ఒకడు తప్ప. అతనే మా దళం ఈతగాడు. మునిగి శవాల్ని తీసేది అతనొక్కడే. ముప్ఫై రెండేళ్ళు. మావకి వరసకి అల్లుడు, అదే తీరపు ఊరివాడు.

అతను అన్నం చెంచాతో తినేవాడు. మొదట డాబు అనుకున్నాను. వారం తర్వాత అతనే చెప్పాడు. కిందటి వరదలో ఒక తల్లినీ కూతుర్నీ తీశాడట. ఆ పిల్ల జడ విడిపోయి కుడిచేతి వేళ్ళకి చుట్టుకుంది. ఒడ్డుకొచ్చాక కూడా విడిపించడానికి చాలాసేపు పట్టింది.

"అప్పట్నుంచి ఈ సెయ్యి నా మాట ఇనట్నేదు ఉస్తాదుగారూ. అన్నంలో పెడితే జుట్టు తగుల్తాది. నీట్లో పెడితే వణుకుతాది. ఆగస్టులో పరీక్ష ఉన్నాది. అడుగునున్న రాయి తియ్యాల. తియ్యకపోతే తీసేస్తారు. ఇద్దరు పిల్లలు నాకు. నాకీ పని తప్ప రాదు."

"వేరే పని చూసుకోరాదా?"

"మునిగినోళ్ళ ఇంటోళ్ళు ఒడ్డున కూకుని ఉంటారు. నాను దిగకపోతే ఎవుడు దిగుతాడు? సెప్పండి."

నా దగ్గర ఉన్నది ఊపిరి ఒక్కటే. ఇతన్ని నిలబెట్టకపోతే నేనిక్కడికి వచ్చి లాభం లేదని ఆ రోజే అనుకున్నాను.

మూడు వారాలు పట్టింది. ముందు నెమ్మది ఊపిరి. నాలుగు లెక్కపెడుతూ పీల్చడం, ఎనిమిది లెక్కపెడుతూ వదలడం. అతనికి మూడుకే గొంతు పట్టేసేది. ఏడ్చేవాడు. కొందరు లేచి వెళ్ళిపోయేవారు. నేను కదిలేవాణ్ణి కాదు. పక్కన కూర్చుని నా ఊపిరి అతనికి వినబడేట్టు వదిలేవాణ్ణి. జూలై మూడో వారంలో ఒకరోజు మధ్యాహ్నం ఒంటిగంటకి వైర్‌లెస్ మనిషి పరుగెత్తుకొచ్చాడు.

"ఉస్తాదూ, బేగి రండి. ఆడు సేత్తో తింటన్నాడు."

కిటికీలోంచి చూశాను. చోడంబలిలో ఎండుచేప నంజుకుంటున్నాడు. కుడిచేత్తోనే. నాకు కళ్ళు తిరిగినంత ఆనందం. సైన్యంలో పతకం వచ్చినప్పుడు కూడా అంత పొంగలేదు. పొంగినవాడు ఊరుకోడు కదా. ఆ సాయంత్రమే అతనికి భస్త్రిక మొదలుపెట్టాను.

తెలియనివాళ్ళకి చెబుతాను. కొలిమి తిత్తిలా గబగబా పీల్చి గబగబా వదలడం భస్త్రిక. నలభై సార్లు. ఆ తర్వాత ఊపిరి బిగబట్టడం. బుర్ర తేలికైపోతుంది. భయం ఎక్కడికో పోతుంది. కొండ మీద మాకు అది ఒంట్లో వేడి పుట్టించేది. ఇక్కడ అతనికి ధైర్యం పుట్టించింది. పెరట్లో ప్లాస్టిక్ డ్రమ్ము నిండా నీళ్ళుపోసి తల ముంచమనేవాణ్ణి. వాచీ నా చేతిలో. మొదట నిమిషం. వారానికి నిమిషం యాభై. ఆగస్టు వచ్చేసరికి రెండు నిమిషాల నలభై సెకన్లు. చుట్టూ అందరూ చప్పట్లు. అందరికన్నా గట్టిగా కొట్టింది నేను.

మావ ఒక్కడే గుమ్మం దగ్గర కూర్చుని చుట్ట నములుతూ చూసేవాడు.

"ఇల్లలకగానే పండగైపోదు బావూ. డ్రమ్ము డ్రమ్మే. ఏరు ఏరే."

"రెండు నిమిషాల నలభై మావా. నువ్వు చూశావా ఎప్పుడైనా?"

"సూడనేదు. మాకు అంత అవుసరం రాదు. ఆడు దిగేటప్పుడు తాడు నాను పడతాను. ఆడు మునగ్గానే నానూ ముక్కు మూసుకుంటాను. నాకు ఊపిరి ఆగకపోతే లాగేస్తాను. ఆణ్ణి అడగడం నేదు. మా తాత అలగే సేసినాడు, మా అయ్య అలగే. ఒడ్డునున్నోడికే ఆగనప్పుడు లోపలోడికి ఎలగ ఆగుతాది?"

"వాచీ ఉంది కదా."

"వాచీకి ఆయాసం వస్తాదేటి?"

నేను నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే నన్ను నేనే చెంపదెబ్బ కొట్టుకోవాలనిపిస్తుంది.

ఆగస్టు పరీక్ష ఉదయం పదింటికి. ఏటిలో పదిహేను అడుగుల మడుగు. అడుగున తెల్లరంగు వేసిన రాయి. ఈతగాడి నడుముకి తాడు, తాడు మావ చేతిలో. దిగాడు. మావ ముక్కు మూసుకున్నాడు. చుట్టలు కాల్చిన ఊపిరితిత్తులు. నలభై మూడు సెకన్లకి ముఖం ఎర్రబడి తాడు లాగేశాడు. ఈతగాడు ఖాళీ చేతులతో తేలాడు.

"సెయ్యి తగిలినాది మావా. రాయి మీద సెయ్యి ఏసినాను. అప్పుడే లాగేసినావు."

ఏడుస్తున్నాడు. ఉద్యోగం పోయినట్టే. ఆఫీసరు గడియారం చూసి, "ఇంకొక్కసారి" అన్నాడు. ఈతగాడు నా వైపు తిరిగాడు.

"ఈపాలి ఉస్తాదుగారు పడతారు."

మావ తాడు నాకిచ్చాడు. ఇక్కడ నేను చేసింది సరిగ్గా వినండి. మావ పద్ధతిని నేను తీసెయ్యలేదు. గౌరవించాను. ముక్కు మూసుకునే కూర్చుందాం అనుకున్నాను. నా ఊపిరి మావకంటే పొడుగు, అంతే తేడా అనుకున్నాను. పడవలో ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని నలభై భస్త్రికలు కలిసి చేశాం. అతను మునిగాడు. నేను బిగబట్టాను. నిమిషం పది సెకన్లకి రాయితో తేలాడు. నాకింకా ఊపిరి మిగిలే ఉంది.

ఆ రోజు నుంచి తాడు నాది.

సెప్టెంబరు రెండోవారం. మా దగ్గర ఎండ ఫెళ్ళున కాస్తోంది. వంశధార నీళ్ళు ఒడిశాలో కురిసి ఇక్కడికి వస్తాయి. వాన చుక్క లేకుండానే వరద దిగుతుంది. ఉదయం తొమ్మిది నలభైకి వైర్‌లెస్ మా దళాన్ని పిలిచింది.

"వంశధార రెండు, వంశధార రెండు. గెడ్డ మీద కాజ్‌వే దాటుతూ ఆటో కొట్టుకుపోయింది. డ్రైవరు ఒక్కడే. ఓవర్."

"వంశధార రెండు. బయల్దేరుతున్నాం. ఓవర్."

ఆ రోజంతా వంశధారలో కలిసే ఆ వాగులో నీటి వేగం తగ్గలేదు. పడవ దించలేకపోయాం. మర్నాటికి గెడ్డ శాంతించింది. ఆటో కాజ్‌వే కింది మడుగులో ఇరుక్కుంది. పద్దెనిమిది అడుగుల లోతు, బురద నీళ్ళు, మూర దూరం కనబడదు. పాతాళగరిగెలు వేసి గంటన్నర దేవాం. ఆటో టాపు గుడ్డ తప్ప ఏదీ చిక్కలేదు. ఒడ్డున జనం. డ్రైవరు తండ్రి ఉదయం నుంచి నిలబడే ఉన్నాడు. కూర్చోమంటే కూర్చోడు.

మావ ఆఫీసరు దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని చెప్పాడు.

"ఒగ్గేయండి బావూ. రేపటికి మూడోరోజు. తనే తేల్తాడు. సచ్చినోడికి తొందరేటి?"

ఆఫీసరు ఒడ్డు వైపు చూశాడు. అప్పుడే ఆ తండ్రి వచ్చి మా ఈతగాడి కుడిచెయ్యి పట్టుకున్నాడు. పట్టుకుని ఉన్నాడు, అంతే. ఈతగాడు నా ముఖం చూశాడు. నేను వద్దంటే ఆగిపోయేవాడు. ఆ సంగతి నాకు తెలుసు, అతనికి తెలుసు, మావకి తెలుసు.

"చెయ్యగలవు" అన్నాను.

మొదటిసారి మునక పన్నెండూ ఐదుకి. నలభై భస్త్రికలు. నిమిషం ఐదు సెకన్లు. ఆటో తగిలిందన్నాడు. రెండోసారి పన్నెండూ పద్నాలుగుకి. నిమిషం పది. చొక్కా చేతికి అందింది, కాలు హ్యాండిల్ కింద చిక్కుంది, ఇంకొంచెం సేపు ఉండగలిగితే వస్తాడన్నాడు. పెదాలు వణుకుతున్నాయి. అలసట అనుకున్నాను.

"ఈసారి అరవై చేద్దాం" అన్నాను.

నేనే అన్నాను. ఇంకెవరూ అనలేదు.

ఇద్దరం అరవై చేశాం. అతని కళ్ళు నా కళ్ళలోనే ఉన్నాయి. చివర్న కొంచెం నవ్వాడు. పన్నెండూ ఇరవై రెండుకి మునిగాడు. నేను ఊపిరి బిగబట్టాను. యాభై సెకన్లకి తాడు ఒకసారి కదిలింది, బాగున్నానని గుర్తు. తర్వాత కదల్లేదు. నిమిషం ఇరవై. నిమిషం ముప్ఫై. నా గుండె నిదానంగా కొట్టుకుంటోంది. ఛాతీలో ఏ ఇబ్బందీ లేదు. లోపల ఎంతో హాయిగా ఉంది. నాకే ఇలా ఉంటే అతనికింకెలా ఉంటుందో అనుకున్నాను. నీళ్ళమీద ఎండ మెరుస్తుంటే బాగుందనిపించింది కూడా.

"లాగండి బావూ" అన్నాడు మావ.

ఊపిరి వదలకుండా అరచెయ్యి చూపించాను, ఆగమని.

"తాడు సచ్చిపోనాది. లాగండి."

మళ్ళీ అరచెయ్యి చూపించాను. రెండు నిమిషాల తొమ్మిది సెకన్లు. నా ఒళ్ళు ఇంకా గాలి అడగలేదు. మావ నన్ను భుజంతో ఒక్క తోపు తోసి తాడు లాక్కున్నాడు. పడవ పక్కకి ఒరిగింది. అతను లాగుతుంటే తాడుకి బరువు తప్ప ఇంకేమీ తగల్లేదని నాకు తెలుస్తూనే ఉంది.

పన్నెండూ ఇరవై ఆరు నుంచి ఒంటిగంటా ఐదు వరకు అతని ఛాతీ నొక్కాను. ఇసుక మీద, ఎండలో. నోట్లోకి నా ఊపిరి ఊదాను. వైర్‌లెస్ మనిషి వెనకనుంచి అరుస్తున్నాడు, "అంబులెన్సు ఎక్కడుంది, ఓవర్, ఎక్కడుంది చెప్పండి, ఓవర్." శ్రీకాకుళం ఆసుపత్రిలో డాక్టరు చెయ్యి పట్టుకుని చూసి, తల అడ్డంగా ఊపాడు. తర్వాత నన్ను పక్కకి పిలిచి మునిగే ముందు ఏం చేశారని అడిగాడు. చెప్పాను.

"గబగబా ఊపిరి తీసి వదిలితే ప్రాణవాయువు పెద్దగా పెరగదండి. గాలి కావాలని మనిషిని తొందరపెట్టేది ఒకటుంటుంది ఒంట్లో. అది పడుకుంటుంది. మీరు మంట ఆర్పలేదు. పొగ వస్తే మోగే గంట పీకేశారు. నీళ్ళలో మనిషి తెలియకుండానే స్పృహ తప్పిపోతాడు."

నేనూ అదే గంట పీకేసుకుని తాడు పట్టుకున్నాను. మావ పద్ధతిలో ఉన్న బలమంతా మావ ఆయాసంలో ఉంది. నేను ఆ ఆయాసాన్నే జబ్బు అనుకుని నయం చేశాను. కాలం కలిసిరాకపోతే తాడే పామై కరుస్తుందని అంటారు. కాలం మీదకి తోసెయ్యడానికి నాకు నోరు రాదు.

మర్నాడు ఉదయం ఆరుంబావుకి ఆటో డ్రైవరు తనంతట తనే తేలాడు. మూడు వందల గజాల దిగువన, తుంగలో. మావ ఒక్కడే వెళ్ళి తీసుకొచ్చాడు.

ఆ ఉదయం నేను ఈల ఊదలేదు. ట్రంకు సర్దుకుంటున్నాను. ఐదున్నరకి తలుపు తీస్తే పది మందీ చాపల మీద కూర్చుని ఉన్నారు. ఎవరూ పిలవలేదు. ఎవరూ నిద్రపోలేదు. వైర్‌లెస్ మనిషి తలెత్తాడు.

"ఏదో ఒకటి సేయించండి ఉస్తాదూ. నాకు తల పగిలిపోతన్నాది."

వాళ్ళని చూసి నాకు భయం వేసింది. నా దగ్గర ఉన్నది విషమో మందో నాకే తెలియడం లేదు. అయినా కూర్చున్నాను. నెమ్మదిగా పీల్చండి, నెమ్మదిగా వదలండి అన్నాను. బిగబట్టడం లేదు, కొలిమి తిత్తి లేదు. ఎవరైనా కొంచెం వేగంగా పీలిస్తే లేచి వెళ్ళి భుజం పట్టుకునేవాణ్ణి. అక్టోబరు చివరిదాకా అదే చేశాం. ఏం జరిగిందో ఒక కాగితం నిండా రాసి ఆఫీసరుకిచ్చాను. చదివి సంతకం పెట్టాడు. అసలు రిపోర్టులో నలుగురు నిద్రపోతున్నారని రాశాను. అది నిజం. నలుగురే.

తిరిగి వెళ్ళేముందు ఈతగాడి ఇంటికి వెళ్ళాను. మావే దారి చూపించాడు. చెప్పేద్దామనే వెళ్ళాను. బస్సులో మాటలు కూడా పేర్చుకున్నాను. ఇంటి ముందు ఇసుక మీద వలలు పరిచి ఉన్నాయి. అతని భార్య చేపలు చీరుతోంది. లేచి నాకు పీట వేసింది. నేను నోరు తెరిచేలోగా ఆవిడే అడిగింది.

"మీరు దగ్గిరే ఉన్నారంట కదా బావూ. ఆకర్న కొట్టుకున్నాడేటి?"

"లేదమ్మా."

"నిజిమేనా?"

"నిజం. ఏమీ తెలీలేదు. బాధ లేదు."

అది అబద్ధం కాదు.

"మా అయ్య సముద్రంలో పోయినప్పుడు గోళ్ళు ఊడిపోయి ఉన్నాయి. తీసుకొచ్చినప్పుడు నాను సూసినాను. ఈడి సేతులు బాగున్నాయి. మొకం తొంగున్నట్టే ఉన్నాది. మీరేదో ఊపిరి నేర్పినారంట. దానివల్లే అన్నాడు మావ."

మావ ఇసుక వైపు చూస్తున్నాడు. నేను లేచాను. ఇంకేం మాట్లాడానో గుర్తులేదు. బస్సు ఆగేచోటికి నడుస్తుంటే మావ చుట్ట ముట్టించాడు.

"సెప్దామనే వచ్చినారు కదా?"

"అవును మావా."

"ఒగ్గేయండి. ఆ ఆడగుంటకి అదొక్కటే మిగిలింది. మీరే మొయ్యండి."

సాయంత్రం నాలుగూ పదికి శ్రీకాకుళం. ఆరున్నరకి విజయనగరం. ఎనిమిది దాటాక గజపతినగరం. ఇంట్లోవాళ్ళు సన్నబడ్డావన్నారు. ఊళ్ళో వాళ్ళు వచ్చి, వరద ఎలా ఉంటుంది, ఎంతమందిని కాపాడారు అని అడిగారు. వాళ్ళకి ఏదో చెప్పాను. ఇప్పుడు మీకు మొత్తం చెబుతున్నాను, మీలో ఎవరైనా నీళ్ళలోకి దిగేముందు ఇలాంటి సాహసం చేస్తారేమోనని. ఆమెకి మాత్రం చెప్పలేదు.

యుద్ధం చేసినవాణ్ణి. మంచులో కూరుకుపోయిన మనుషుల్ని తవ్వి తీసినవాణ్ణి. అవేవీ కళ్ళు మూసుకుంటే రావు. వచ్చేది ఒక్కటే. పీట మీంచి నేను లేవగానే ఆమె కూడా లేచింది. చేతులు కడుక్కునేంత వ్యవధి లేదు. అలాగే, చేప పొలుసులు అంటుకుని ఎండకి తళతళలాడుతున్న రెండు చేతులూ జోడించి, నాకు దండం పెట్టింది.